పద్దెనిమిదో నంబరు ఇంటికి గాలి

రోజు 6

కెరూన్ నగరంలో కొత్తగా ఇల్లు తీసుకున్న పరాయి మనుషులు మొదటి అరవై రోజులూ ఇంటి పుస్తకం రాయాలట. ఏ భాషలో రాసినా పర్వాలేదన్నారు. అందుకే తెలుగులో రాస్తున్నాను. దీన్ని ఇక్కడ ఎవరు చదువుతారో నాకు తెలియదు.

పేరు నూకరత్నం. సొంతూరు భూమ్మీద విశాఖ పక్కన పరవాడ. పదకొండేళ్లు ఓడలకు పైపులు వెల్డింగ్ చేశాను. ఇక్కడ, అంగారకుడి మీద, నీళ్ల ప్లాంటులో అదే పని ఇస్తామంటే వచ్చాను.

ఏడో సొరంగంలో పద్దెనిమిదో నంబరు ఇల్లు ఇచ్చారు. రెండు గదులు, ఒక వంటగట్టు, రాతి గోడలు. కరెంటు, నీళ్లు, వేడి, గాలి ఏవీ లేవు. ఈ నాలుగు కనెక్షన్లూ పెట్టించుకున్నాకే ఇది ఇల్లు కింద లెక్క. అప్పటిదాకా 'బస' అని రాస్తారు. గాలి సిలిండర్ ఒకటి మూలన పెట్టి వెళ్లారు. ఒక మనిషికి సరిగ్గా ఏడు రోజులు వస్తుందట. సొరంగంలో నడవాలంటే మాస్కు పెట్టుకోవాలి. ఇంట్లోకి వచ్చి తలుపు బిగించాక తీసేయవచ్చు.

నాకు గడువు ఉంది. మా ఆయన సూరిబాబు, మా అమ్మాయి తన్మయి నా వెనకాలే ఓడలో వస్తున్నారు. పాపకు ఆరేళ్లు. యాభయ్యో రోజుకు వాళ్ల ఓడ పైన స్టేషనుకు చేరుతుంది. బసలో ఉండే మనిషి కుటుంబాన్ని కిందికి దించరు. నలభై అయిదో రోజు సాయంత్రంలోగా నాలుగు కనెక్షన్ల పత్రాలూ చూపించాలి. లేకపోతే అదే ఓడలో వెనక్కి పంపేస్తారు. మళ్లీ ఓడ రావడానికి రెండేళ్ల పైన పడుతుంది.

రోజు 8

కరెంటు వచ్చింది! పెట్టడానికి వచ్చిన అమ్మాయి ప్రొద్దుటూరు మనిషి. పేరు జుబేదా. గుమ్మం దగ్గర నా పేరు చదివి మాస్కులోంచే కేక పెట్టింది.

"అక్కా, మన మాట మాట్లాడి నాలుగు నెలలైంది. ముందు నువ్వు ఏదైనా మాట్లాడు, తర్వాత వైరు లాగుతా."

ఏం మాట్లాడాలో తోచక, మా ఇంట్లో ఇంకా నీళ్లు లేవని చెప్పాను. దానికే పడీ పడీ నవ్వింది. వైరు లాగుతున్నంతసేపూ ఇక్కడి సంగతులు చెప్పింది. తను ఏడు నెలలుగా సిలిండర్ల మీదే బతుకుతోందట.

"కరెంటుదేముందక్కా, నేనిస్తా. నీళ్లు కూడా ఎట్లోకట్ల వస్తాయి. గాలి కాడనే ఇరుక్కుంటాం మనమంతా. పక్కింటోళ్లు సంతకం పెట్టల్ల."

"ఎందుకు పెట్టరు?"

"మన పోపు వాసనంట. పైపులో గాలి ఒకటే కదా, వాళ్ల ఇంట్లోంచి మనింటికి, మనింట్లోంచి వాళ్లింటికి తిరుగుతాంటాది. ఘాటుకు దగ్గొస్తాదని రాసిస్తారు."

లైటు వేసి చూపించింది. రాతి గోడల మీద ఎర్రటి చారలున్నాయని అప్పుడే గమనించాను. బాగున్నాయి.

రోజు 13

నీళ్ల ఆఫీసులో గాలి కనెక్షన్ నంబరు అడిగారు. గాలి ఆఫీసుకు వెళ్తే నీళ్ల కనెక్షన్ నంబరు అడిగారు. ఈ రెండు ఆఫీసులకూ మధ్య ఒకే గోడ ఉంది. పొద్దున్నుంచి ఆ గోడకు అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను. గాలి ఆఫీసు గుమస్తా పేరు తెష్. చిన్న గొంతుతో, ఎంతో మర్యాదగా, ఏ పనీ కాదని చెప్తాడు.

సిలిండర్లు మార్చే మనిషి వచ్చాడు. నాది ఇంకా ఇరవై నాలుగు శాతం మిగిలి ఉంది. మీటరు రెండుసార్లు తట్టి చూశాడు. "మీరు తక్కువ ఊపిరి పీలుస్తారేమో" అన్నాడు. నేను మెట్లు ఎక్కితే రొప్పే మనిషిని.

రోజు 17

గాలి ఆఫీసులో దరఖాస్తు ఇచ్చినప్పుడు, పని కాకపోయినా రసీదు ఇస్తారు. దాని మీద ఒక నంబరు ఉంటుంది. నీళ్ల వాళ్ల ఫారం మళ్లీ మళ్లీ చదివాను. అందులో 'గాలి నంబరు' అని మాత్రమే ఉంది. 'కనెక్షన్ నంబరు' అని ఎక్కడా లేదు. రసీదు నంబరు వేసి ఇచ్చాను. గుమస్తా ఫారం వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ ఫారం వైపు చూసి ముద్ర వేసింది.

సాయంత్రానికి కుళాయి తిరిగింది. ముందు గోధుమరంగు నీళ్లు, తర్వాత తెల్లనివి. వేడినీళ్ల పైపు కూడా అదే లైనులో వస్తుంది కాబట్టి గోడ గోరువెచ్చగా అయింది. నాలుగింట్లో మూడు అయ్యాయి. రెండు చేతులూ కుళాయి కింద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నీళ్లు వృథా కాలేదు. కింద గిన్నె పెట్టాను.

రోజు 20

పదిహేడో నంబరు ఇంటికి వెళ్లాను. మా ఇంటికి గాలి వాళ్ల గోడలోంచే రావాలి. ఆ ఇంటాయన పేరు దాల్కో. డెబ్భై ఏళ్లుంటాయి, నిటారుగా ఉంటాడు, గోళ్లు శుభ్రంగా కత్తిరించుకుంటాడు. ఇరవై ఆరేళ్లు గాలి తనిఖీ అధికారిగా చేసి మానేశాడని జుబేదా చెప్పింది. లోపలి గదిలో ఎవరో దగ్గుతున్నారు.

నాకు వచ్చిన కాస్త కెరూన్ భాషలో నా సంగతి చెప్పాను. పాప ఫొటో చూపించాను. ఆయన ఫొటో వైపు చూడలేదు.

"సంతకం పెట్టను" అన్నాడు.

"కారణం చెప్తారా?"

"వంట వాసన. నా భార్యకు ఊపిరితిత్తులు బాగుండవు."

తలుపు మూసేశాడు. నిజమే కదా, జబ్బు మనిషి ఉన్న ఇల్లు అనుకుంటూ వచ్చేశాను. కోపం కూడా సరిగ్గా తెచ్చుకోలేకపోయాను.

రోజు 26

వారం రోజులుగా పోపు లేకుండా వండుతున్నాను. మిరపకాయ పొడి డబ్బా జుబేదాకు ఇచ్చేశాను. ఇంట్లోకి వచ్చి వాసన చూసి వెళ్లమని దాల్కోకు చీటీ రాశాను. రాలేదు. మళ్లీ వెళ్లి తలుపు తట్టాను. "వద్దని చెప్పాను కదా" అని లోపల్నుంచే అన్నాడు.

ఓడ నుంచి వీడియో కబురు వచ్చింది. సూరిబాబు గొంతు బొంగురుగా ఉంది.

"రత్నం, ఇల్లు కుదిరిందేటి? పాప రోజూ అడుగుతంది. 'అమ్మ ఇంట్లో మాస్కు లేకుండా తిరగొచ్చా నాన్నా' అంటంది. ఓడలో బిగ్గరగా మాటాడితే తిడతన్నారు, గుసగుసలాడి గుసగుసలాడి దాని గొంతే మారిపోనాది. నువ్వు కంగారు పడకు. అవకపోతే ఎనక్కెలిపోతాం, ఏటౌతాది."

చివరి మాట చెప్పేటప్పుడు కెమెరా వైపు చూడలేదు. ఇద్దరమూ ఉన్న ఉద్యోగాలు వదిలి, రెండేళ్లు తిరిగి ఈ అనుమతి సంపాదించాం. ఏటౌతాదో అతనికి బాగా తెలుసు.

రోజు 33

ఈ రోజు జరిగింది వివరంగా రాయాలి.

నాలుగో సిలిండరు. ఏడో రోజుకు ఇరవై ఏడు శాతం మిగిలింది. ఈ పుస్తకంలో పదమూడో రోజు రాసింది చూశాను, మధ్యలో మార్చినవీ గుర్తు చేసుకున్నాను. ప్రతిసారీ అంతే. ఊపిరి తక్కువ పీల్చడమనేది ఉండదు. ఎక్కడినుంచో ఇంకొంత గాలి నా ఇంట్లోకి వస్తోంది.

పదిహేడో నంబరుతో కలిసిన గోడలో, ముందుముందు గాలి పైపు పెట్టడానికి ఒక రంధ్రం ఉంది. దాని మీద ఇనుప బిళ్ల బిగించి ఉంది. ఆ బిళ్లకు చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. సబ్బు నీళ్లు నురగ చేసి బిళ్ల అంచు చుట్టూ పూశాను. ఓడల పైపుల మీద నేను వేలసార్లు చేసిన పని ఇది. లీకు ఉంటే నురగ ఉబ్బుతుంది.

ఉబ్బింది. కింది అంచు దగ్గర చిన్న చిన్న బుడగలు, ఒకదాని వెనక ఒకటి, నా వైపుకే.

అంటే గోడ అవతల, దాల్కో ఇంటి వాల్వు దగ్గర అతుకు పగిలి ఉండాలి. వాళ్ల గాలి గోడలోకి, గోడలోంచి నా ఇంట్లోకి వస్తోంది. నాలుగు వారాలుగా ఆ ముసలాయన గాలే పీలుస్తున్నాను.

ఆయన సంతకం ఎందుకు పెట్టడో అప్పుడు అర్థమైంది. నాకు కనెక్షన్ ఇచ్చే ముందు ఆ పైపులో రెండింతల ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. లీకు బయటపడుతుంది. లీకు దొరికిన ఇంటికి తొంభై రోజులు సీలు వేస్తారని ఉమ్మడి హాలులో విన్నాను. ఇంట్లో వాళ్లు ఆ హాలులోనే ఉండాలి. నేను మొదటి అయిదు రోజులూ అక్కడే ఉన్నాను. మూడు వందల మంది, అంతటా ఎర్ర దుమ్ము. ఊపిరితిత్తులు బాగాలేని మనిషి అక్కడ తొంభై రోజులు బతకదు.

రోజు 34

తెష్ దగ్గరికి వెళ్లి, ఎవరి పేరూ చెప్పకుండా, పక్కింట్లో లీకు ఉంటే ఏం చేస్తారని అడిగాను. అతను మొదటిసారి ఉత్సాహంగా మాట్లాడాడు.

"ఫిర్యాదు రాయండి. అప్పుడు వాళ్ల సంతకం అక్కర్లేదు. మేమే సీలు వేసి, మరమ్మతు చేసి, మీకు లైను ఇస్తాం. ఆరు రోజుల్లో అయిపోతుంది."

ఫారం కూడా తీసిచ్చాడు. ఆరు రోజులు. నాకు పదకొండు ఉన్నాయి.

మా ఇంటికొచ్చిన జుబేదాకు చెప్పాను. "రాసెయ్ అక్కా" అంది వెంటనే. "ఆ ముసలాయన ఎంతమందిని హాలుకు పంపినాడో తెలుసా? నీ బిడ్డ సంగతి చూసుకో." ఇంకాసేపటికి తనే, "ఆయమ్మ దగ్గు ఈడిదాంకా ఇనిపిస్తాది కదా" అంది.

ఫారం మీద నా పేరు, ఇంటి నంబరు రాశాను. ఫిర్యాదు గడి దగ్గర ఆగిపోయాను. నేను వెల్డర్ని. పగిలిన అతుకు కనపడితే దాన్ని అతికించాలి. దాని మీద ఫారం నింపడం నా పని కాదు.

సబ్బు నురగ గిన్నె పట్టుకుని పదిహేడో నంబరు తలుపు తట్టాను.

దాల్కో గిన్నె చూశాడు. అది ఎందుకో నేను చెప్పకముందే ఆయనకు తెలిసిపోయింది. పక్కకు జరిగి లోపలికి రానిచ్చాడు. లోపలి గదిలో ఆయన భార్య దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పేరు మిరేవా. పిట్టంత మనిషి, కళ్లు మాత్రం పెద్దవి.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు దాల్కో.

"నిన్న. మీకు?"

"ఏడాదైంది."

"ఏడాదినుంచీ ఈ విషయం దాచాడు" అంది మిరేవా లోపల్నుంచి. "నిద్ర పోడు. ఆ వాల్వు దగ్గరే కుర్చీ వేసుకుంటాడు."

"ఫిర్యాదు రాశారా?" అని అడిగాడు ఆయన.

"లేదు. నేను అతికిస్తాను."

"పరాయి వాళ్లు గాలి లైను ముట్టుకోకూడదు. పట్టుబడితే మిమ్మల్నీ వెనక్కి పంపుతారు."

"మరి ఎలా? ఇరవై ఆరేళ్లు ఆ నిబంధనలతో పని చేసింది మీరు. దారి ఉంటే మీకే తెలియాలి."

ఆయన వాల్వు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత నేల వైపు చూస్తూ చెప్పాడు.

"ఒక దారి ఉంది. లీకు తనిఖీలో దొరికితేనే సీలు వేస్తారు. ఇంటివాడే ముందుగా వెళ్లి నా ఇంట్లో లీకు ఉందని చెప్పుకుంటే సీలు వేయకూడదు. అధికారి కళ్లెదుట, అర్హత ఉన్న ఏ వెల్డరైనా మరమ్మతు చేయవచ్చు. పరాయి వాళ్లయినా సరే. పదమూడో నిబంధన."

"మరి ఏడాదినుంచీ ఎందుకు చెప్పుకోలేదు?"

"నేను నలభై ఒక్క ఇళ్లకు సీలు వేశాను. వాళ్లలో ఒక్కరికి కూడా ఈ నిబంధన ఉందని చెప్పలేదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు." మిరేవా ఉన్న గది వైపు చూశాడు. "ఇప్పుడు నా ఇంటికి అవసరం వచ్చిందని ఏ మొహంతో వెళ్లను?"

మిరేవా దగ్గు ఆపుకుని అంది: "ఈ మొహంతోనే వెళ్లు. రేపు పొద్దున్నే."

రోజు 35

వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. గాలి ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారు. ఇప్పటి తనిఖీ అధికారి హోనా అనే ఆవిడ ఆయన దగ్గరే పని నేర్చుకుందట. దాల్కో నిలబడే చెప్పాడు, అందరికీ వినపడేలాగ.

"పదిహేడో నంబరులో లీకు ఉంది. ఏడాదినుంచి ఉంది. నేనే చెప్తున్నాను. పదమూడో నిబంధన కింద మరమ్మతుకు అనుమతి కావాలి. వెల్డరు ఈవిడ."

తెష్ నిబంధనల పుస్తకం తీసి ఆ పేజీ వెతికాడు. వెతుకుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. అతనికీ తెలియదు.

హోనా నా అర్హత పత్రాలు చూసింది. "గోడకు ఆనుకున్న పైపు. వెనక వైపు చెయ్యి పట్టదు, కన్ను పట్టదు. చేయగలరా?"

"ఓడ అడుగున ఇంతకంటే ఇరుకు" అన్నాను.

నలభై ఒకటో రోజుకు సమయం ఇచ్చింది. అంతకంటే ముందు కుదరదంది.

రోజు 41

పొద్దున ఎనిమిదింటికి మొదలు. పని జరిగేటప్పుడు పదిహేడో నంబరుకు గాలి ఆపేయాలి. మిరేవాను మా ఇంటికి తెచ్చి నా మంచం మీద పడుకోబెట్టాం. సిలిండర్ కొత్తది. జుబేదా సెలవు పెట్టి ఆవిడ పక్కన కూర్చుంది. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. అయినా గోడ అవతలినుంచి మాటలు ఆగకుండా వినిపించాయి.

నేను, దాల్కో, హోనా మాస్కులతో లోపల. పగిలిన చోటు గ్రైండింగ్ చేశాను. బిడ్డ వెంట్రుకంత సన్నటి చీలిక అనుకున్నది లోపలికి వెళ్లేకొద్దీ పైపు చుట్టులో మూడో వంతు ఉంది. ఇంకో ఏడాది ఆగితే విడిపోయేది. దాల్కో అది చూసి గోడ పట్టుకున్నాడు.

ముందు వైపు సులువుగానే వచ్చింది. వెనక వైపుకు అద్దం పెట్టుకుని చేయాలి. అద్దంలో చెయ్యి కుడికి కదిపితే ఎడమకు వెళ్లినట్టు కనిపిస్తుంది. ఆలోచిస్తే తప్పు పోతుంది. పదకొండేళ్ల అలవాటు చేతిలో ఉండాలి, అంతే. అద్దం పట్టుకునే మనిషి ఊపిరి కూడా బిగపట్టాలి.

"నేను పట్టుకుంటాను" అన్నాడు దాల్కో.

డెబ్భై ఏళ్ల చేతులు. వణుకుతాయేమో అనుకున్నాను. గంటా నలభై నిమిషాలు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అద్దం వెంట్రుకవాసి కదల్లేదు. మధ్యలో ఒకసారి నా చెయ్యి తడబడింది. అతుకులో చిన్న గుంట పడింది. ఆపేశాను. హోనా చూసింది. గుంటను పూర్తిగా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి లోహం నీళ్లలా నడిచింది. అద్దంలో ఆ వెలుగు వెంట చెయ్యి దానంతట అదే వెళ్లింది. ముగించేసరికి అతుకు మీద పొలుసులు వరసగా, సమంగా, చేప వీపులా ఉన్నాయి.

మాస్కులో చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకోవడానికి లేదు. నవ్వుతూనే ఉన్నాను.

చల్లారడానికి రాత్రంతా వదిలేయాలి. దాల్కో, మిరేవా ఇద్దరూ మా ఇంట్లోనే ఉండిపోయారు. నేను జుబేదా ఇంటికి వచ్చి రాస్తున్నాను.

రోజు 42

హోనా పొద్దున్నే వచ్చింది. పైపులో రెండింతల ఒత్తిడి పెట్టి మీటరు బిగించింది. గంటసేపు ముల్లు కదలకూడదు.

గంట. మీటరు ఎదురుగా నలుగురం నేల మీద కూర్చున్నాం. మిరేవా మా ఇంటి మంచం మీదినుంచి ప్రతి అయిదు నిమిషాలకీ గోడ తట్టి అడుగుతోంది. దాల్కో తిరిగి తట్టి, ఇంకా నిలిచే ఉందని చెప్తున్నాడు. జుబేదా గొణుక్కుంటూ ఏదో చదువుకుంటోంది. నేను ముల్లు చూడలేక హోనా ముఖం చూస్తున్నాను. ఆవిడ ముఖంలో ఏమీ తెలియదు. దాల్కో ఇచ్చిన శిక్షణ మరి.

గంట అయ్యింది. హోనా లేచి, మోకాళ్లు దులుపుకుని, మీటరు దగ్గరికి ముఖం పెట్టి చూసింది.

"కదల్లేదు" అంది. "ఒక్క గీత కూడా."

జుబేదా నన్ను ఎత్తేసింది. నిజంగానే నేలమీంచి ఎత్తేసింది. దాల్కో గోడ మీద దబదబా కొట్టాడు, అవతలినుంచి మిరేవా కూడా కొట్టింది.

అక్కడే పదిహేడో నంబరు వాల్వు ఎదుట దాల్కో నా ఫారం మీద సంతకం పెట్టాడు. హోనా మా ఇంట్లోకి వచ్చి బిళ్ల విప్పి, పైపు కలిపి, వాల్వు నన్నే తిప్పమంది. తిప్పాను. గాలి చల్లగా నా మెడకు తగిలింది. సిలిండరు కట్టేశాను.

మధ్యాహ్నం నాలుగు పత్రాలూ కౌంటరు మీద పెట్టాను. తెష్ ఒక్కొక్కటీ చదివి, 'బస' అన్న మాట కొట్టేసి 'ఇల్లు' అని రాశాడు. మూడు రోజులు ముందే.

రోజు 47

దాల్కో ఇప్పుడు రోజూ పొద్దున గాలి ఆఫీసు ముందు కూర్చుంటున్నాడు. వచ్చిన వాళ్లకు పదమూడో నిబంధన చదివి వినిపిస్తున్నాడు. తను సీలు వేసిన నలభై ఒక్క ఇళ్లకూ వెళ్లి క్షమించమని అడుగుతానన్నాడు. ఇప్పటికి ఆరు ఇళ్లు అయ్యాయి. ఒకచోట తలుపు మొహం మీదే మూసేశారు. మర్నాడు మళ్లీ వెళ్లాడు.

సొరంగంలో ఇంకో మూడు ఇళ్లవాళ్లు తమకీ లీకు ఉందని తామే వెళ్లి చెప్పుకున్నారు. వెల్డరుగా నా పేరు రాశారు. అందులో ఒకటి జుబేదా పక్కిల్లు. వాసన అభ్యంతరం రాసిన ఇల్లు అదే. జుబేదా అది విని నడుముకు చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత, "సరేలే, పని చేసిపెట్టక్కా, గాలి వస్తే సాలు" అంది.

రోజు 51

దిగారు.

దిగుడు హాలులో సూరిబాబు ముందు కనపడలేదు, చెయ్యి కనపడింది. ఆ చేతి కింద తన్మయి. అంగుళం పొడుగయింది. మాస్కులోంచి నన్ను చూసి దగ్గరికి రావడానికి సిగ్గుపడింది. సూరిబాబు నా భుజం మీద తల పెట్టి అలాగే నిలబడ్డాడు. వెనక జనం తోస్తున్నా కదల్లేదు.

సొరంగంలో నడిచి ఇంటికి వచ్చాం. తలుపు బిగించాను. సూరిబాబు మాస్కు తీసి ఒకసారి గట్టిగా పీల్చి, "ఏటే రత్నం, ఇదంతా నువ్వే పెట్టించీసావా?" అన్నాడు.

తన్మయి తన మాస్కు పట్టీ పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, తీసీయొచ్చా?" గుసగుసలాడింది.

"తీసీ."

"ఎంతసేపు?"

"ఎంతసేపైనా. ఇది మనిల్లు."

తీసింది. ముందు చిన్నగా ఊపిరి పీల్చింది, తర్వాత పెద్దగా. నావైపు చూసింది, వాళ్ల నాన్న వైపు చూసింది. ఒక్కసారిగా గొంతు చించుకుని "అమ్మా!" అని అరిచింది. రాతి గదులు రెండూ మోగిపోయాయి. ఎనిమిది నెలల ఓడ ప్రయాణంలో దాచుకున్న అరుపు అది. గోడ అవతలినుంచి మిరేవా తన చిన్న గొంతుతో దానికి బదులు కేక వేసింది. పాప అదిరిపడి, పకపకా నవ్వి, మళ్లీ అరిచింది. మెల్లగా మాట్లాడమని దానికి ఎవరూ చెప్పలేదు.